ఐస్‌లాండ్ ఫిద్‌లా, ఐర్లాండ్ ఫిడిల్: ఈ మాట ఎవరు ఎవరికిచ్చారు?

ప్రశ్న: వయొలిన్‌ని ఐస్‌లాండిక్‌లో 'ఫిద్‌లా' అంటారని, ఐరిష్‌లో 'ఫిడిల్' అంటారని చూశాను. వైకింగులు ఐర్లాండ్‌లో ఊళ్ళు కట్టుకున్నారు, అక్కడి ఆడవాళ్ళని ఐస్‌లాండ్‌కి తీసుకుపోయారు అని కూడా చదివాను. మరి ఈ మాట ఎటు నుంచి ఎటు పోయింది? లేక రెండూ ఇండో-యూరోపియన్ భాషలే కాబట్టి ఒకే పాత మూలం నుంచి పుట్టాయా? మన ఫిడేలు కూడా ఇదేనా?

జవాబు:

చివరి ప్రశ్నకి అవును. పాత మూలం ప్రశ్నకి కాదు. ఎటు నుంచి ఎటు పోయిందన్న దానికి జవాబు కొంచెం పెద్దది. ముందే చెప్పాలంటే ఆ రెండు భాషలూ ఒకదానికొకటి ఇచ్చుకోలేదు, రెండూ బయటి నుంచే తెచ్చుకున్నాయి. ఒకే కొట్లో కొన్న చీరలు కట్టుకున్నంత మాత్రాన ఇద్దరూ అక్కచెల్లెళ్ళు అయిపోరు కదా.

ముందు పాత మూలం సంగతి తేల్చేద్దాం, ఇది తేలిక. సంస్కృతంలో 'ప'తో మొదలయ్యే పాత మాటలు ఐస్‌లాండిక్ లాంటి జర్మానిక్ భాషల్లో 'ఫ' అయిపోయాయి. పితృకి ఫాదిర్, పాదానికి ఫోతుర్. ఐరిష్ పుట్టిన కెల్టిక్ శాఖలో మాత్రం ఆ 'ప' మొత్తానికే రాలిపోయింది. అందుకే తండ్రికి ఐస్‌లాండిక్‌లో ఫాదిర్ అయితే ఐరిష్‌లో అహిర్. చేపకి అక్కడ ఫిస్కుర్ అయితే ఇక్కడ ఈయస్క్. అంటే వారసత్వంగా వచ్చిన మాటల్లో ఐస్‌లాండిక్ 'ఫ'కి ఎదురుగా ఐరిష్‌లో ఖాళీ ఉండాలి.

మరి ఐరిష్‌లో మాట మొదట్లో వినిపించే 'ఫ' ఎక్కడిది? అది చాలావరకు పాత 'వ' నుంచి వచ్చింది. మన వీరుడికి చుట్టం ఐరిష్ 'ఫ్యార్', అంటే మగాడు. దానికి పాత ఐస్‌లాండిక్ జోడీ 'వెర్'. చెక్కకి ఐరిష్‌లో 'ఫ్యొ' అంటారు, పాత ఐరిష్‌లో 'ఫిద్'. దాని జోడీ ఐస్‌లాండిక్‌లో 'విదుర్'. కాబట్టి ఐస్‌లాండిక్‌లోనూ 'ఫ', ఐరిష్‌లోనూ 'ఫ', అర్థం కూడా ఒకటే అని కనిపించిందంటే అది వారసత్వం కాదు, అరువు. భాషాచరిత్ర చదివేవాళ్ళు ఇలాంటి జత కనిపించగానే 'ఒకటే!' అని సంబరపడరు. ముందు అనుమానపడతారు.

ఇక్కడే ఇంకో వల ఉంది. ఐరిష్‌లో 'ఫిద్' అంటే చెక్క అని తెలిసిన ఎవరికైనా, ఫిడిల్ అంటే చెక్కతో చేసినదన్నమాట అనిపిస్తుంది. పాత ఐరిష్‌లో ఫిద్‌హెల్ అనే పలక ఆట ఉంది, దాని పేరులో నిజంగానే చెక్క ఉంది. దాంతో ఈ ఆలోచనకి ఇంకా బలం వస్తుంది. కానీ ఆ చెక్కకి జర్మానిక్ జోడీ 'వ'తో ఉంటుందని ఇప్పుడే చూశాం. వాద్యం పేరు జర్మానిక్ భాషల్లో పాత 'ఫ'తోనే ఉంది. ఆ దారి మూసుకుపోయింది.

ఇక అసలు మాట. దీనికి పాత ఆధారం ఐర్లాండ్‌లోనూ లేదు, ఐస్‌లాండ్‌లోనూ లేదు, జర్మన్ నేల మీద ఉంది. సుమారు 870 ప్రాంతంలో వైసెన్‌బుర్గ్ మఠంలో ఉన్న ఓట్‌ఫ్రీడ్ అనే సన్యాసి పాత జర్మన్‌లో సువార్త కావ్యం రాశాడు. అందులో స్వర్గంలో మోగే వాద్యాల వరసలో 'లీరా' పక్కనే 'ఫిదులా' అంటాడు. దీనికి సమానమైన పాత ఇంగ్లీషు రూపం 'ఫిదెలె'. మధ్యయుగపు లాటిన్‌లో 'విటులా' అనే వాద్యం పేరు ఉంది. దాని వెనక 'విటులారి', అంటే పండగ చేసుకోవడం, సంతోషించడం అనే లాటిన్ క్రియని చూసేవాళ్ళు ఉన్నారు. అది నిజమైతే మాట లాటిన్ నుంచి జర్మానిక్‌లోకి వచ్చినట్టు. అలా కాదు, జర్మానిక్ మాటనే లాటిన్ వాళ్ళు తీసుకున్నారని వాదించేవాళ్ళూ ఉన్నారు. నేను లాటిన్ వైపే మొగ్గుతాను. ఎందుకంటే ఇటాలియన్ 'వియోలా', దాని చిన్న రూపం 'వియోలీనో' కూడా ఆ విటులా ఇంటివే అని చూపించడం కుదురుతుంది. అలా చూస్తే వయొలిన్, ఫిడేలు అన్నవి ఒకే మాటకి రెండు పక్కల పెరిగిన పిల్లలు.

ఒక సంగతి మర్చిపోవద్దు. ఓట్‌ఫ్రీడ్ ఫిదులా అన్నప్పుడు మనం ఊహించుకునే వయొలిన్‌ని చూసుకుని అనలేదు. తీగల మీద కమాను లాగి వాయించే పద్ధతి బైజాంటియం వైపు నుంచి, అరబ్బుల వైపు నుంచి పశ్చిమ యూరప్‌కి చేరి కుదురుకున్నది 10, 11 శతాబ్దాల్లో. అంతకుముందటి ఫిదులాని వేళ్ళతో మీటేవారనే అనుకోవాలి. పేరు అదే ఉండిపోయింది, వాద్యం మారిపోయింది. రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడని మనం అలవోకగా అనేస్తాం గానీ, ఆయన కాలానికి కమాను లేదు, ఆ పేరూ లేదు.

ఐస్‌లాండ్ దగ్గరికి వద్దాం. అక్కడి రాతలో ఈ మాట మధ్యలో అడ్డగీత గీసిన 'డి' అక్షరం ఉంటుంది, దాని పేరు 'ఎద్'. నాలుక కొసని పళ్ళకి ఆనించి, గాలిని పూర్తిగా ఆపకుండా జారనిస్తూ పలికే 'ద' అది. ఇంగ్లీషులో 'దిస్', 'దట్' అన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళు పలికే మొదటి శబ్దం. దీన్ని ఇక నుంచి 'జారే ద' అంటాను, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

1230 ప్రాంతంలో ఐస్‌లాండ్ రచయిత స్నోరి స్టుర్లుసన్ రాసిన నార్వే రాజుల చరిత్రలో హుగ్లైక్ అనే పాత స్వీడన్ రాజు గురించి వస్తుంది. యుద్ధం గిద్ధం పట్టని మనిషి. కొలువులో రకరకాల ఆటగాళ్ళని పెట్టుకున్నాడని చెబుతూ స్నోరి హార్ప్ వాళ్ళు, గీగ్య వాళ్ళు, ఫిద్‌లా వాళ్ళు అని మూడు రకాలు లెక్కపెడతాడు. మెచ్చుకోలుగా కాదు, కొంచెం ఈసడింపుగానే. ఇందులో గీగ్య కూడా అరువే, జర్మన్ 'గైగె'కి పాత రూపం నుంచి వచ్చింది. ఇప్పుడది ఐస్‌లాండ్‌లో ఆడపిల్లలకి పెట్టుకునే పేరు. అంటే 13వ శతాబ్దం నాటికే ఐస్‌లాండ్ రచయితకి కమాను వాద్యాల పేర్లు రెండు తెలుసు, రెండూ దక్షిణం నుంచి వచ్చినవే. నార్వేలో అదే ఫిద్‌లా కాలక్రమంలో జారే ద ఊడిపోయి 'ఫేలె' అయింది. ఐస్‌లాండ్ మాత్రం పాత ఉచ్చారణనే పట్టుకుని కూర్చుంది.

అరువు మాటలంటే ఐస్‌లాండ్ వాళ్ళకి పడదని మీరు వినే ఉంటారు. కంప్యూటర్‌కి, టెలిఫోన్‌కి కూడా సొంత మాటలు కట్టుకున్న జనం. పియానోకి కూడా 'కొట్టి వాయించే హార్ప్' అని అర్థం వచ్చే మాట ఒకటి కట్టారు, కానీ జనం నోట్లో నిలబడింది పియానోనే. గిటార్ అయితే సుబ్బరంగా 'గీతార్' అయిపోయి, వాళ్ళ పుంలింగ పదాల వరసలో కూర్చుంది. ఫిద్‌లా మీద ఆ గొడవే లేదు, అది అరువని అక్కడ ఎవరికీ అనిపించదు. చివర 'ఆ'తో ఉంది కాబట్టి స్త్రీలింగం. ఒకటైతే ఫిద్‌లా, చాలా అయితే ఫిద్‌లుర్. 'ఫిడేలు వాయిస్తాను' అనడానికి 'స్పిలా ఔ ఫిద్‌లు' అంటారు. ఇంతకీ ఆ 'స్పిలా' అనే క్రియ కూడా జర్మన్ వైపు నుంచి తెచ్చుకున్నదే!

'ఇస్లెన్స్క్ ఫిద్‌లా', అంటే ఐస్‌లాండ్ ఫిడేలు అని వాళ్ళదే పాత వాద్యం ఒకటుంది. చూస్తే వయొలిన్ అని ఎవరూ అనరు. పొడుగాటి చెక్క పెట్టె, దాని మీద రెండే తీగలు. బల్ల మీదో ఒళ్ళోనో పెట్టుకుని కమాను లాగి వాయిస్తారు. ఇటలీ వయొలిన్ వచ్చాక దానికీ ఫిద్‌లా పేరే పెట్టారు, పెట్టె ఫిద్‌లా పక్కకి తప్పుకుంది.

ఇప్పుడు ఐర్లాండ్. ఇక్కడి కథే నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే ఇక్కడ మాట రెండుసార్లు వచ్చినట్టు కనిపిస్తుంది.

12వ శతాబ్దంలో రాసిన 'లైన్‌స్టర్ గ్రంథం' అనే పెద్ద తాళపత్రం లాంటి సంకలనంలో, అంటే తోలు మీద రాసినదే లెండి, కార్మన్ జాతర గురించి ఒక పద్యం ఉంది. జాతరలో వినిపించే వాద్యాలని చెబుతూ పైపులు, ఫిడేళ్ళు, ఎముకల వాద్యాలు అని వరసపెడతాడు కవి. అక్కడ 'ఫిద్లి' అని ఉంది. అప్పటి ఐరిష్ రాత పద్ధతిలో అచ్చు తర్వాత ఒంటరిగా వచ్చే 'డి' అక్షరాన్ని జారే ద గానే పలికేవారు. అంటే ఆనాటి ఐరిష్ మాట, ఆనాటి ఇంగ్లీషు మాట, ఐస్‌లాండ్ మాట మధ్యలో ఒకే శబ్దంతో ఉన్నాయి.

మరి ఇది డబ్లిన్‌లో ఉన్న నార్స్ జనం, అంటే వైకింగుల భాష మాట్లాడేవాళ్ళ దగ్గర తెచ్చుకున్నదా, ఇంగ్లీషు వాళ్ళ దగ్గరా? శబ్దాన్ని బట్టి ఈ రెండిట్లో ఒకదాన్ని తేల్చడం కుదరదు, రెండు వైపులా జారే ద ఉంది. నేను ఇంగ్లీషు వైపే ఓటేస్తాను. కవి పక్కనే చెప్పిన పైపుల పేరు కూడా నార్స్ కంటే ఇంగ్లీషు, లాటిన్ వైపే చూస్తుంది. కొత్త వాద్యాలు, వాటి పేర్లు జతగా ఒకే దారిలో వచ్చాయనుకోవడం సులువు.

ఇక్కడితో ఆగితే సగం కథే. ఆ తర్వాత ఐరిష్‌లో జారే ద అనే శబ్దమే చచ్చిపోయింది. 13వ శతాబ్దం నాటికి అది గొంతులోకి జరిగి, తర్వాత చాలాచోట్ల వినిపించకుండా పోయింది. 'టైగ్' అనే మగవాళ్ళ పేరు చూడండి. రాతలో మధ్యన డి-హెచ్ ఉంటుంది, పలుకులో ఉండదు. 12వ శతాబ్దపు ఫిద్లి ఇదే దారిలో నడిచి ఉంటే ఈరోజు దాని మధ్య కూడా ఖాళీయే మిగలాలి. మిగిలింది కూడా, కానీ సముద్రం అవతల. ఐరిష్‌కి తోబుట్టువైన స్కాటిష్ గేలిక్‌లో ఫిడేలుని రాతలో డి-హెచ్‌తోనే రాసి, 'ఫీ-అల్' అని పలుకుతారు. అక్కడ మాట సరిగ్గా నియమం ప్రకారం అరిగింది.

ఐర్లాండ్‌లో ఈరోజు వినేది మాత్రం గట్టి డ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నాలుకని అంగిలికి నొక్కి పలికే 'డ్య' లాంటి శబ్దం. ఉత్తరాన డొనెగల్ వైపు పోతే అది దాదాపు 'జ' లాగా ఉంటుంది, 'ఫిజిల్' అన్నట్టే వినిపిస్తుంది. ఈ గట్టి డ ఎక్కడిది? ఇంగ్లీషుది. ఇంగ్లీషులో 14వ శతాబ్దం చివర కవి చాసర్ రాసినప్పుడు కూడా మాట 'ఫిదెలె' అనే ఉంది, జారే ద తోనే. ఆ తర్వాత ఇంగ్లీషులో కొన్ని మాటల్లో ఆ శబ్దం గట్టిపడింది, 'మర్దర్' అని జారే ద తో ఉన్నది 'మర్డర్' అయినట్టు. ఫిదెలె అలాగే 'ఫిడిల్' అయింది. వేల్స్ భాషలో కూడా గట్టి డ తోనే 'ఫిడిల్' ఉంది. వాళ్ళకి జారే ద ఇప్పటికీ ఉంది, దానికి వేరే రాత ఉంది. అయినా వాడలేదంటే ఇంగ్లీషు మాట గట్టిపడ్డాకే తెచ్చుకున్నారన్నమాట. (వేల్స్‌లో పని మధ్యలో వదిలేస్తే 'ఫిడేలు చూరులో పెట్టేశాడు' అంటారు. మనం చాప చుట్టేశాడంటాం.)

కాబట్టి నా లెక్క ఇది. ఐరిష్‌లోకి ఈ మాట మొదట జారే ద తో వచ్చింది. అది అరిగిపోవాల్సిన సమయానికి పక్కనున్న ఇంగ్లీషు మళ్ళీ గట్టి డ తో అదే మాటని అందించింది. ఐస్‌లాండ్ మాత్రం మొదట తెచ్చుకున్న రూపాన్నే దాచుకుంది. మీకు ఈ రెండు మాటల మధ్య కనిపించిన పోలికలో చిన్న తేడా ఒకటుంది చూశారా, ద-డ? దాన్ని పొరపాటు ఉచ్చారణ అనుకుని వదిలేయకండి. మాట ఏ కాలంలో ఏ దారిన వచ్చిందో చెప్పే సాక్ష్యం అదే.

వైకింగుల పాత్ర బొత్తిగా లేదా అంటే, ఉంది. మాటలో కాదు, కమానులో. డబ్లిన్‌ని పట్టణం చేసింది నార్స్ వాళ్ళు. అక్కడి క్రైస్ట్‌చర్చ్ ప్లేస్ తవ్వకాల్లో 11వ శతాబ్దపు కమాను ముక్క ఒకటి దొరికింది. కొసన జంతువు తల చెక్కి ఉంది, ఆ చెక్కడం స్కాండినేవియా వాళ్ళ రింగెరికె శైలిలో ఉంది. యూరప్‌లో దొరికిన అతి పాత కమానుల్లో అదొకటి. ఇక ఐరిష్‌లో కమాను పేరు 'బౌ' లాగా పలుకుతారు, అది నార్స్ 'బోగి' నుంచి వచ్చింది. మొదట విల్లుకి, తర్వాత ఫిడేలు కమానుకి. ఐరిష్‌లోకి వచ్చిన నార్స్ మాటలు అలాంటివి చాలానే ఉన్నాయి. కిటికీకి, బజారుకి, ఓడ లంగరుకి వాడే మాటలు అక్కడివే. ఎదురు దిశలో న్యాల్, కోర్మాక్ లాంటి ఐరిష్ పేర్లు ఐస్‌లాండ్‌కి పోయాయి. ఐస్‌లాండ్ జనం తల్లి వైపు వంశాల్లో సగానికి పైగా ఐర్లాండ్, స్కాట్లాండ్ నుంచి వచ్చినవే అని జన్యు పరిశోధనలు చూపించాయి కూడా. అందుకని మీ అనుమానం తప్పేం కాదు, ఈ ఒక్క మాటకి మాత్రం అది కుదరదు.

రెండు చోట్లా సొంత వాద్యం ముందే ఉన్న సందర్భం చూస్తే ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. హార్ప్‌ని ఐస్‌లాండ్‌లో 'హార్పా' అంటారు, 2011లో రేక్యావిక్‌లో తెరిచిన పెద్ద సంగీత భవనానికి అదే పేరు. ఐర్లాండ్‌కి హార్ప్ జాతీయ చిహ్నం, వాళ్ళ యూరో నాణేల మీద ఉంటుంది. దాని పేరు 'క్లార్‌షఖ్', అందులో ఉన్నది పలక అనే అర్థమున్న సొంత మాట. దానికంటే పాత తంత్రీవాద్యానికి 'క్రిట్' అనే పేరుంది. హార్పాకి వీటికి పోలిక వెతికినా దొరకదు. కమానుతో వాయించే వాద్యం రెండు దేశాలకీ బయటి నుంచి వచ్చింది కాబట్టే పేరు కూడా దానితోపాటే వచ్చింది.

వచ్చిన మాట ఐరిష్‌లో ఎంత ఇంటి మనిషి అయిపోయిందో చూడాలంటే దాని ముందు 'అన్' అనే ఆర్టికల్ పెట్టి చూడండి. ఫిడిల్ అక్కడ స్త్రీలింగం. స్త్రీలింగ పదం ముందు 'అన్' వస్తే మొదటి హల్లు మెత్తబడాలి. 'ఫ' మెత్తబడితే ఐరిష్‌లో ఏమీ మిగలదు, రాతలో ఎఫ్ పక్కన ఒక హెచ్ చేరుతుంది, నోట్లో మాత్రం అది మాయం. కాబట్టి 'అన్ ఫిడిల్' అనరు, 'అన్ ఇడిల్' అంటారు. ఎక్కడి నుంచో వచ్చిన మాట మొదటి అక్షరాన్నే మింగేసేంత చనువు! షష్ఠీ విభక్తిలో 'ఫిడ్ల' అవుతుంది, బహువచనంలో 'ఫిడ్లఖ'.

ఐరిష్‌లో దీనికి ఒక కొత్త చెల్లెలు కూడా ఉంది, 'వైలీన్'. ఇది ఇంగ్లీషు వయొలిన్. 'వి' అక్షరం ఐరిష్ పాత అక్షరమాలలోనే లేదు, అందులో పద్దెనిమిదే అక్షరాలు. అందుకే ఈ మాట రాతలో చూడగానే పరాయిదని తెలిసిపోతుంది. దాని మధ్యలో కూడా ఒక డి-హెచ్ పెట్టారు, ఈసారి పలకడానికి కాదు, ముందున్న అచ్చుని 'ఐ'గా పలకమని చెప్పడానికి. ఒకప్పటి జారే ద గుర్తు ఇప్పుడు అచ్చుకి ఆసరాగా పనిచేస్తోంది. వాడుకలో తేడా ఇది: కచేరీ హాల్లో ఆర్కెస్ట్రాతో కూర్చుంటే వైలీన్. పబ్బులో నలుగురు చేరి రీళ్ళు, జిగ్గులు లాంటి నాట్యపు బాణీలు వాయిస్తుంటే ఫిడిల్. చెక్క అదే, తీగలు అవే.

మన ఫిడేలు మాట. ఇది ఇంగ్లీషు గట్టిపడ్డ రూపం నుంచి మద్రాసు ప్రాంతం మీదుగా వచ్చినది, ఐరిష్ ఫిడిల్‌కి రెండోసారి అందిన రూపమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు యూరోపియన్ బ్యాండ్ విద్వాంసుడి దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. తర్వాత విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది ఎంత దూరం పోయిందో మీకు చెప్పక్కర్లేదు, జనం ఆయన్ని ఫిడేలు నాయుడు గారనే పిలుచుకున్నారు. ఇంగ్లీషులో 'డ్', 'ల్' మధ్య అచ్చు ఉండీ లేనట్టు ఉంటుంది. ఐరిష్ వాళ్ళు అక్కడ 'ఇ' పెట్టుకున్నారు, మనం 'ఏ' పెట్టుకుని చివర మన అలవాటు ప్రకారం 'ఉ' తగిలించాం. వాళ్ళకి ఫిడిల్ పక్కన వైలీన్ ఉన్నట్టే మనకి ఫిడేలు పక్కన వయొలిన్ ఉంది, కాకపోతే మన దగ్గర తేడా వాయించే సంగీతాన్ని బట్టి కాదు, మాట్లాడేవాళ్ళ వయసుని బట్టి. మా నాన్న తరం ఫిడేలు అనేవారు, సంగీతం క్లాసుకి పోయే పిల్లలు వయొలిన్ అంటున్నారు. బహువచనం చేసి చూడండి: వయొలిన్‌కి 'లు' చేర్చి ఊరుకుంటాం, ఫిడేలుని మాత్రం రాళ్ళు, నీళ్ళు లాగా ఫిడేళ్ళు చేసేస్తాం.